రాలను చదివిన ఆచార్యుఁడు: బీర్బల్ సాహ్నీ

కూలిన మ్రాను కుళ్లి మన్నగుట లోకసహజము. ఎక్కడనో యొకటి మాత్రము వేఱు గతి పొందును. బురదలోనో, అగ్నిపర్వతపు బూడిదలోనో గాలి చొరకుండ పూడిపోయిన కట్టెలోనికి సిలికా కరఁగిన నీరు మెల్లగా ఇంకును. కణము వెంట కణము నిండి, పేరుకొని, కట్టె రాయి యగును. అయినను దాని లోని కట్టడి చెడదు. ఆ రాతిని పలుచని రేకుగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూచినచో కణముల గోడలు సైతము కానవచ్చును. ఈ విద్యను మన దేశమున వేళ్లూనఁజేసినవారు ఆచార్య బీర్బల్ సాహ్నీగారు.

వీరు 1891 నవంబరు 14వ తేదీన పశ్చిమ పంజాబులోని భేరాలో జన్మించిరి. తండ్రి రుచిరామ్ సాహ్నీగారు లాహోరు ప్రభుత్వ కళాశాలలో రసాయనశాస్త్రాచార్యులు. 1911లో కేంబ్రిడ్జికేగి సీవర్డు పండితునికి శిష్యులైరి. 1919లో స్వదేశమునకు మరలి, కాశీలోను లాహోరులోను కొలదికాలము బోధించి, 1921లో లక్నో విశ్వవిద్యాలయమున స్థిరపడిరి. 1936లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను.

అంతకుమున్ను మన గోండ్వానా శిలాజములను వర్ణించినవారు ఫైస్ట్‌మాంటెల్ మొదలగు ఐరోపా పండితులు. మన నేల పుట్టించిన వస్తువునకు మనవారు వ్యాఖ్యాతలు కాకపోవుట చిన్న లోపము గాదు. 1920లో గురువుతో కలిసి సాహ్నీగారు ఆ వర్ణనలను పునఃపరిశీలించిరి. రాజమహల్ కొండలలో దొరకిన తునకలను జోడించి 1932లో ఒక లుప్తవృక్షమునకు పూర్ణరూపమును కల్పించి, దానికి గురువు పేరే పెట్టిరి. దక్కనులో లావా పొరల నడుమ చిక్కుకొనిన సరస్సుల అడుగున తాళజాతి వృక్షముల శిలలు పెక్కు కలవు. వానిని వీరు చిరకాలము శోధించిరి. రాజమహేంద్రవరమునకు చేరువనున్న కాతేరులోను అట్టి నడిమి పొర కలదు. దానిలోని గవ్వలను చూచిన మనవారిలో దాని ప్రాచీనతను తలపోసినవారెందరు?

వృక్షములతోనే వీరి దృష్టి ఆగలేదు. రోహ్‌తక్ కడ ఖోక్రాకోట్ దిబ్బలో యౌధేయుల నాణెముల మట్టి అచ్చులను కనుగొని, పోతపోయు విధానమును వివరించిరి.

1946లో తమ శిలాజములను, గ్రంథములను, ఆస్తిని ధారపోసి లక్నోలో పురావృక్షశాస్త్ర సంస్థను నెలకొల్పిరి. 1949 ఏప్రిల్ 3వ తేదీన నెహ్రూగారు భవనమునకు శంకుస్థాపన గావించిరి. శిలాజములు పొదిగిన రాయియే ఆ పునాదిరాయి. వారము దిరుగకముందే, 10వ తేదీన, సాహ్నీగారు హృద్రోగముచే అస్తమించిరి. గోడలింకను లేవలేదు. ఆ భారమును భార్య సావిత్రమ్మగారు తలకెత్తుకొనిరి. 1953 జనవరి 2వ తేదీన నెహ్రూగారే మరల వచ్చి భవనమును ప్రారంభించిరి.