మాతా గుజరీ జీ: అమ్మ పక్కన లేనప్పుడు కూడా నిలిచిన పెంపకం



కత్తికి పదును ఎక్కడ వస్తుందో మన సికలీగర్ ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కొలిమి దగ్గర, సాన దగ్గర వస్తుంది. ఆ కత్తి పనికొచ్చే రోజున దాన్ని సానపట్టిన మనిషి పక్కన ఉండడు. పదును మాత్రం ఉంటుంది. పిల్లల పెంపకం కూడా అలాంటిదే. ఈ సంగతి మాతా గుజరీ జీ జీవితం చూస్తే బాగా అర్థమవుతుంది.

మాతా జీ 1624లో పంజాబులోని కర్తార్‌పూర్‌లో పుట్టారు. తండ్రి భాయీ లాల్ చంద్ జీ, తల్లి బిషన్ కౌర్ జీ. 1633లో ఆరవ గురువు గురు హర్‌గోబింద్ సాహిబ్ జీ చిన్న కుమారుడితో ఆమెకు వివాహమైంది. అప్పటికి ఆయన పేరు త్యాగ్ మల్. 1635లో కర్తార్‌పూర్ యుద్ధంలో ఆయన చూపిన ధైర్యానికి తండ్రి మెచ్చి తేగ్ బహాదుర్ అని పేరు పెట్టారు. తేగ్ అంటే ఖడ్గం. మన పెద్దల చేతి పని గురువుగారి పేరులోనే ఉంది.

1644లో గురు హర్‌గోబింద్ సాహిబ్ జీ జోతిలో లీనమైన తర్వాత ఆ దంపతులు అత్తగారైన మాతా నానకీ జీతో కలిసి బకాలా గ్రామంలో ఇరవై ఏళ్లు ఉన్నారు. గురు సాహిబ్ సిమ్రన్‌లో మునిగి ఉండేవారు. మాతా గుజరీ జీ ఇల్లు చూసుకుంటూ, అత్తగారికి సేవ చేస్తూ, తాను కూడా నామం జపిస్తూ గడిపారు. 1664లో గురుగద్దె తేగ్ బహాదుర్ సాహిబ్ జీకి వచ్చింది. మరుసటి ఏడాది ఆయన కొత్త ఊరు కట్టించి, దానికి తల్లి పేరు మీద చక్ నానకీ అని పేరు పెట్టారు. మనం ఈనాడు ఆనంద్‌పూర్ సాహిబ్ అని దర్శించుకునే చోటికి మొదట ఉన్నది ఒక తల్లి పేరు!

గురు సాహిబ్ ధర్మ ప్రచారం కోసం తూర్పు దేశానికి బయలుదేరి, కుటుంబాన్ని పాట్నాలో ఉంచి ముందుకు సాగారు. 1666 డిసెంబరు 22న గోబింద్ రాయ్ పుట్టారు. పెళ్లయిన 33 ఏళ్లకు కలిగిన ఒక్కగానొక్క బిడ్డ. తండ్రి ఆ సమయంలో ఢాకా వైపు ఉన్నారు. బిడ్డకు మొదటి ఏళ్లలో తల్లి ఒడే బడి అయింది. నానమ్మ నానకీ జీ, మేనమామ కృపాల్ చంద్ జీ తోడుగా నిలిచారు. లేకలేక పుట్టిన కొడుకని మాతా జీ ఆయన్ను భయంతో చుట్టి పెంచలేదు. ఆటల్లోనే ధైర్యం నేర్చుకోనిచ్చారు. తండ్రి దగ్గర లేకపోయినా తండ్రి మార్గం ఏమిటో బిడ్డకు తెలిసేలా పెంచారు.

1675 నవంబరులో ఢిల్లీ చాందినీ చౌక్‌లో గురు తేగ్ బహాదుర్ సాహిబ్ జీ శహీదీ పొందారు. భాయీ జైతా జీ గురువుగారి పవిత్ర శిరస్సును ఆనంద్‌పూర్ చేర్చారు. గోబింద్ రాయ్ జీకి అప్పుడు తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. భర్తను పోగొట్టుకున్న ఆ తల్లి కొడుకును ఎక్కడైనా దాచిపెట్టుకుని ఉండవచ్చు. అలా చేయలేదు. గురుగద్దె మీద కూర్చున్న బాలుడికి అండగా నిలిచారు. ఆ బాలుడే 1699 వైశాఖిన ఖాల్సాను వెలుగులోకి తెచ్చారు. ఆ రోజు తల ఇవ్వడానికి లేచిన ఐదుగురిలో భాయీ మొహకమ్ సింగ్ జీ మన గుజరాత్‌లోని ద్వారక వారు, భాయీ సాహిబ్ సింగ్ జీ తెలుగు నేల పక్కనున్న బీదర్ వారు. సూరత్‌లో ఉన్న మనకు ఇద్దరూ ఇంటివాళ్లే.

కొన్నేళ్లకు, పోహ్ మాసపు చలిలో, ఆనంద్‌పూర్ కోట విడవాల్సి వచ్చింది. వరదతో పొంగుతున్న సిర్సా నది దగ్గర కుటుంబం చెల్లాచెదురైంది. పెద్ద సాహిబ్‌జాదాలు అజిత్ సింగ్ జీ, జుఝార్ సింగ్ జీ చమ్‌కౌర్‌లో పోరాడి శహీదులయ్యారు. ఎనభై ఏళ్ల మాతా జీ చేతిలో చిన్న మనవలు ఇద్దరు మిగిలారు. జోరావర్ సింగ్ జీకి తొమ్మిదేళ్లు, ఫతెహ్ సింగ్ జీకి ఆరేడేళ్లు. ఇంట్లో వంట చేసిన గంగూ ఆశ్రయం ఇస్తానని తీసుకెళ్లి పట్టించాడు. సర్‌హింద్ నవాబు వజీర్ ఖాన్ ముగ్గురినీ ఠండా బుర్జ్‌లో బంధించాడు. అది ఎండాకాలంలో చల్లదనం కోసం కట్టిన బురుజు. డిసెంబరు రాత్రి అక్కడ ఎలా ఉంటుందో ఊహించండి.

ఆ రాత్రులు మాతా జీ దగ్గర ఆయుధం లేదు, సైన్యం లేదు, కప్పడానికి సరైన దుప్పటి కూడా లేదు. మనవలను దగ్గరకు తీసుకుని తాతగారి శహీదీ, గురువుల సాఖీలు చెప్పారు. పొద్దున వాళ్లను తయారుచేసి దర్బారుకు పంపారు. తాను వెంట వెళ్లలేదు, వెళ్లనిచ్చేవారూ లేరు. ఆ పెద్ద దర్బారులో ఇద్దరు పిల్లలు ఒంటరిగా నిలబడ్డారు. ఆశ చూపించారు, భయపెట్టారు. వాళ్లు ధర్మం విడవలేదు. మలేర్‌కోట్లా నవాబు షేర్ మహమ్మద్ ఖాన్ ఇది అన్యాయమని అభ్యంతరం చెప్పినా వజీర్ ఖాన్ వినలేదు. పిల్లలను బతికుండగా గోడలో కట్టించి, ఆ తర్వాత చంపించాడు. అదే రోజు బురుజులో మాతా జీ కూడా ప్రాణం విడిచారు. దీవాన్ టోడర్ మల్ జీ ముగ్గురికీ అంత్యక్రియలు జరిపించారు. అక్కడే ఈనాడు ఫతెహ్‌గఢ్ సాహిబ్‌లో గురుద్వారా జోతీ సరూప్ ఉంది.

తండ్రిని, తల్లిని, నలుగురు బిడ్డలను ఇచ్చేసిన గురు గోబింద్ సింగ్ జీ కుంగిపోలేదు. దక్షిణాదికి వచ్చి, 1708లో గోదావరి ఒడ్డున నాందేడ్‌లో శబ్ద గురువుకు సంగత్‌ను అప్పగించారు. ఆ నిబ్బరంలో పాట్నాలో మొదలైన అమ్మ పెంపకం ఉంది.

తల్లులారా, అక్కచెల్లెళ్లారా! మాకు చదువు లేదు, గుర్ముఖీ రాదు, మేమేం నేర్పగలం అని మన ఇళ్లలో చాలామంది అంటారు. ఠండా బుర్జ్‌లో పుస్తకం లేదు, దీపం కూడా లేదు. సాఖీ చెప్పే నోరు, దగ్గరకు తీసుకునే చేయి ఉన్నాయి. రేపు బడిలో మీ అబ్బాయి జూడా చూసి ఎవరో నవ్వుతారు, పని దగ్గర ఎవరో సీసా చేతికిస్తారు, మీ అమ్మాయితో చదువు మానెయ్యమని ఎవరో అంటారు. అప్పుడు మీరు పక్కన ఉండరు. రాత్రి పడుకునే ముందు మీరు చెప్పిన మాట ఉంటుంది.

ఈ రాత్రి రహిరాస్ అయ్యాక పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకోండి. తెలుగులోనే చెప్పండి. మాతా గుజరీ జీ సాఖీతో మొదలుపెట్టండి.

వాహెగురూ జీ కా ఖాల్సా, వాహెగురూ జీ కీ ఫతెహ్!