హైన్రిచ్ హెర్ట్జ్ పండితుని చరిత్రము

పెండ్లిండ్లలోను పాఠశాలల ఉత్సవములలోను ఛాయాచిత్రములు తీయువారిని మన విద్యార్థులెల్లరు చూచియే యుందురు. కెమేరాలోనే యమర్చిన చిన్న ఫ్లాషు దీపమొకటి దాని తలమీద నుండును. పది పండ్రెండడుగుల దూరమున, ఒక ప్రక్కగా, పెద్ద ఫ్లాషు దీపము వేరొక కాలిపై నిలిచియుండును. రెంటి నడుమ తీగ యేదియు లేదు. అయినను మీట నొక్కినతోడనే రెండును ఒక్క క్షణమున మెరయును. చిన్న దీపము మెరసినదని పెద్ద దీపమున కెవరు చెప్పిరి? పెద్ద దీపమునకు కన్ను వంటి చిన్న బిళ్ళ కలదు. చిన్న దీపపు వెలుగు దానిపై పడగానే అందు విద్యుత్తు కదలును. ఆ కదలికయే పెద్ద దీపమును మెరయించును. ఒక మెరపు వెలుగు దూరముననున్న మరియొక మెరపునకు తోడ్పడునని మొట్టమొదట కనుగొని పరీక్షించిన మహనీయుని చరిత్రము నిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

హైన్రిచ్ హెర్ట్జ్ 1857వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీని జర్మనీ దేశమందలి హాంబర్గు రేవుపట్టణమున జన్మించెను. తండ్రి న్యాయవాది, పిమ్మట నగర సెనేటులో సభ్యుడయ్యెను. తండ్రి యూదుల వంశమున పుట్టి, బాల్యముననే లూథరను క్రైస్తవ సంఘమున చేర్చబడినవాడు. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు. బాలునకు పుస్తకములయం దెంత ప్రీతియో పనిముట్లయందు నంత ప్రీతి. అరబ్బీ భాష నేర్చెను. ఆదివారములందు వృత్తివిద్యల పాఠశాలకు పోయి యంత్రముల పటములు గీయుట నేర్చెను. ఇంట తరిమెన పెట్టుకొని కొయ్యను లోహమును చెక్కుచుండెను. చదువుకొన్నవాడు చేతులు మాపుకొనరాదను తలంపు మనవారిలో నింకను పూర్తిగా పోలేదు గనుక దీనిని ప్రత్యేకముగా చెప్పుచున్నాము. ఈ చేతిపనియే లేకున్న, తరువాత చెప్పబోవు ప్రయోగములు జరిగియుండెడివి కావు.

మొదట నీతడు ఇంజనీరు కావలెనని తలచెను. అందులకై ఫ్రాంక్‌ఫర్టులోను డ్రెస్డెనులోను ఉండి, సైన్యమున నొక యేడు పనిచేసి, 1877లో మ్యూనిచ్ నగరము చేరెను. అచ్చట మనస్సు మారెను. ప్రకృతి శాస్త్రమే తన వృత్తియని తోచి, తండ్రికి జాబు వ్రాసి యనుమతి వేడెను. తండ్రి సమ్మతించెను. మరుసటి యేట బెర్లిన్ చేరి, హెల్మ్‌హోల్ట్జ్ పండితునికి శిష్యుడై, 1880లో డాక్టరు పట్టము పొందెను. తరువాత కీల్ పట్టణమున కొంతకాలము బోధించి, 1885లో కార్ల్స్‌రూహె సాంకేతిక కళాశాలలో ఆచార్యుడయ్యెను. మరుసటి సంవత్సరమే తోటి యుపాధ్యాయుని కుమార్తెయగు ఎలిజబెత్ డోల్‌ను వివాహమాడెను.

ఆ 1886వ సంవత్సరముననే, తరగతిలో బాలురకు చూపుటకై యుంచిన తీగచుట్టల జత నాయన పరీక్షించుచుండెను. ఒక చుట్టలోనికి లేడెన్ జాడీ విద్యుత్తును వదలినపుడు, దానికి తగులక వేరుగానున్న రెండవ చుట్టలోను నిప్పురవ్వ పుట్టెను. విద్యుత్తు వలన శూన్యమున తరంగములు పుట్టుననియు, వెలుగు నట్టి తరంగమే యనియు స్కాట్లండు పండితుడు మాక్స్‌వెల్ గణితముచే చెప్పియుండెను గాని, యట్టి తరంగములను పుట్టించి చూపినవారు లేరైరి. హెర్ట్జ్ ఆ దారి పట్టెను. ఒకచోట రెండు లోహపు కడ్డీల నడుమ పెద్ద రవ్వను రగిలించును. దూరమున వంచిన తీగ కొనల సందులో చిన్న రవ్వ కనబడుచున్నదా యని చూచును.

ఈ చిన్న రవ్వ మిక్కిలి సన్నము. పగటి వెలుతురున కనబడదు. బాగుగా చూచుటకై 1887లో నాయన దానిచుట్టు చీకటి పెట్టె నొకటి అమర్చెను. వెంటనే వింత జరిగెను. చీకటిలో చక్కగా కనబడవలసిన రవ్వ, ఇంకను చిన్నదైపోయెను. మరియొకడైన పెట్టెను తీసివేసి తన పని తాను చూచుకొనును. హెర్ట్జ్ అట్లు చేయలేదు. పెట్టె పలకలను ఒక్కొక్కటిగా తీసి చూచెను. పెద్ద రవ్వకు చిన్న రవ్వకు నడుమనున్న పలక యొక్కటే యీ వికారమునకు కారణమని తేలెను. ఆ తావున గాజుపలక నిలిపెను. చిన్న రవ్వ కురుచయయ్యెను. గాజునకు బదులు స్ఫటికపు పలక నిలిపెను. రవ్వ మరల పొడుగయ్యెను. స్ఫటికపు పట్టకముచే పెద్ద రవ్వ వెలుగును రంగులుగా విడదీసి చూడగా, ఊదారంగునకు ఆవల, మన కంటికి కానరాని అతినీలలోహిత కిరణములే యీ పని చేయుచున్నవని తెలిసెను. గాజు వానిని ఆపును, స్ఫటికము పోనిచ్చును. పెద్ద రవ్వ వెలుగు తగిలిన లోహపు కొనలపై చిన్న రవ్వ సులభముగా పుట్టుచున్నది! కొన్ని నెలలు తన ముఖ్య కార్యమును ఆపి దీనిని శోధించి, చూచినదానిని చూచినట్లు ప్రకటించి, కారణ మిదియని ఊహలు కట్టక, ఆయన మరల తరంగముల పనికి పోయెను.

ఇచ్చట కెమేరా దీపముల సంగతి మరల తలపవలసియున్నది. ఫ్లాషు దీపమును ఒక విధమున హెర్ట్జ్ రవ్వ వంటిదే; కండెన్సరులో కూర్చిన విద్యుత్తు జెనాన్ వాయువు నిండిన గొట్టమున ఒక్క పెట్టున ప్రవహించి మెరయును. అయితే రెండవ దీపమందలి కన్ను నేడు సిలికానుతో చేయబడుచున్నది. హెర్ట్జ్ చూచినచోట కిరణములు లోహమునుండి ఎలక్ట్రానులను వెలికి తీసినవి. సిలికానులో నవి స్ఫటికము లోపలనే విడివడును. కావున రెండును ఒకటి కావు, దాయాదులు. ఆటంకములు మాత్రము సమానమే. నడుమ గోడయో మనిషియో అడ్డమైనచో రెండవ దీపము మెరయదు. ఎండ మిక్కుటమైనచో కన్ను చిన్న మెరపును గుర్తింపజాలదు. మరియొక చిక్కు కలదు. నేటి కెమేరాలు వెలుతురు కొలుచుకొనుటకై అసలు మెరపునకు ముందు చిన్న మెరపు నొకటి పంపును. మామూలు కన్ను గల దీపము దానినే చూచి తొందరపడి మెరయును. బొమ్మ తీయు వేళకు దానియందు విద్యుత్తు మిగిలియుండదు. దీనికై కొన్ని కెమేరాలలో, 2004లో వెలువడిన నైకాన్ డి70 మొదలగువానిలో, చిన్న దీపము వరుస మెరపులతో సంకేతభాషగా ఆజ్ఞలిచ్చు నేర్పాటు చేసిరి. ఆ భాష యెరిగిన దీపమే, చెప్పిన వేళకు, చెప్పినంత వెలుగుతో మెరయును. అడ్డములున్నచోట వెలుగునకు బదులు రేడియో తరంగములచే దీపమును మెరయించు పరికరములును కలవు. ఆ రేడియో తరంగములను చూపినవాడును హెర్ట్జే యనుట విశేషము.

1888లో నాయన ఉపన్యాసశాల గోడకు జింకు రేకు నిలిపి, తరంగములు దానికి తగిలి మరలుట చూచెను. కీలుతో పెద్ద పట్టకము పోతపోసి, వెలుగువలెనే యవియు వంగునని చూపెను. మాక్స్‌వెల్ మాట నిజమయ్యెను. 1889లో బాన్ విశ్వవిద్యాలయము వారు ఆయనను పిలుచుకొనిరి. 1890లో లండను రాయల్ సొసైటీవారు రంఫర్డు పతక మొసంగిరి. కాని 1892 మొదలు తలనొప్పియు ముక్కు చెవుల వ్యాధులును క్రమ్ముకొనెను. పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగెను. బాధ నోర్చుకొనుచునే యంత్రశాస్త్ర సిద్ధాంతములపై గ్రంథము వ్రాయుచుండి, 1894 జనవరి 1వ తేదీని, ముప్పదియారేండ్ల ప్రాయమున మరణించెను. భార్యకు ఇద్దరు చిన్న కుమార్తెలు మిగిలిరి.

ఆ గ్రంథమును అచ్చునకు సిద్ధపరచినవాడు సహాయకుడైన లెనార్డు. చీకటి పెట్టెలోని వింతను ముందునకు నడిపినవారిలో నాతడు ముఖ్యుడు. వెలుగు చిన్న చిన్న శక్తి మూటలుగా తగులుటచే ఎలక్ట్రానులు వెలువడునని 1905లో ఐన్‌స్టీన్ కారణము చెప్పి, దానికై 1921వ సంవత్సరపు నోబెల్ బహుమానము పొందెను. లెనార్డు తుదకు నాజీ పక్షము చేరి, యూదుడని ఐన్‌స్టీన్‌ను ద్వేషించెను. నాజీలు హెర్ట్జ్‌నైనను విడువలేదు. తండ్రి వంశమును తవ్వి తీసి, బెర్లిన్‌లో ఆయన పేరుగల పరిశోధనాలయము నుండి 1936లో ఆ పేరును తొలగించిరి. చిన్న కుమార్తె మథిల్డా జంతువుల నడవడిని శోధించిన విదుషీమణి. 1933లో ఆమె బోధనాధికారమును తీసివేసిరి. తల్లియు ఇద్దరు కుమార్తెలును జర్మనీ విడిచి ఇంగ్లాండునందలి కేంబ్రిడ్జి చేరి, అచ్చటనే కాలము గడపిరి. 1960లో సర్వదేశముల కొలతల మహాసభవారు క్షణమున కొక్క కంపనమును కొలుచు మానమునకు హెర్ట్జ్ అను పేరు నిర్ణయించిరి. మథిల్డా యప్పటికి జీవించియే యుండెను, 1975లో మరణించెను.