ముందు పడటం నేర్పిన మాస్టారు



సాయంత్రం ఆరు దాటాక గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు ఏ క్లబ్‌హౌస్‌లోకి తొంగిచూసినా తెల్ల డ్రెస్సుల్లో పిల్లలు కనిపిస్తారు. కరాటేనో, జూడోనో, తైక్వాండోనో నేర్చుకుంటూ ఉంటారు. ఆ క్లాసులో చేర్పించేటప్పుడు మీ మనసులో రెండు కోరికలుంటాయి. ఎవరైనా మీదికొస్తే మా పిల్లవాడు తనను తాను కాపాడుకోవాలి. కానీ ఒంటిమీద గీత కూడా పడకూడదు. ఈ రెండూ ఒకచోట ఇమిడేవేనా? జీవితమంతా ఈ ప్రశ్నతోనే కుస్తీ పట్టిన ఒకాయన గురించి ఈ నెల చెప్పుకుందాం. ఆయన పేరు జిగోరో కానో. జూడో సృష్టికర్త. వృత్తిరీత్యా స్కూల్ మాస్టారు.

కానో 1860లో జపాన్‌లో కోబె దగ్గరి మికగె అనే ఊళ్లో, బియ్యంతో సాకె అనే మద్యం తయారుచేసే కుటుంబంలో పుట్టారు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి టోక్యో తీసుకెళ్లి ఇంగ్లిష్ చదువు చెప్పించారు. చదువులో చురుకే, కానీ మనిషి పొట్టి. పెద్దయ్యాక కూడా ఐదడుగుల రెండంగుళాలు దాటలేదు. బడిలో బలమైన పిల్లలు ఏడిపించేవారు. జుజుత్సు నేర్చుకుంటే చిన్నవాడు కూడా పెద్దవాణ్ని పడగొట్టవచ్చని విని గురువు కోసం వెతికారు. సమురాయ్‌ల కాలం అయిపోయింది, ఆ పాత విద్య ఇప్పుడెందుకన్నారు పెద్దలు.

అప్పట్లో చాలామంది జుజుత్సు గురువులు మన పుత్తూరు కట్టు వైద్యుల్లా విరిగిన ఎముకలు సరిచేసి బతికేవారు. విరిచే విద్య, కట్టే విద్య ఒకే చేతిలో ఉండేవన్నమాట! కానో కూడా 1877లో అలాంటి ఎముకల వైద్యుడి దగ్గరే చేరారు, ఆయన పేరు హచినొసుకె ఫుకుద. ఈ పట్టు ఎలా పనిచేస్తుందని శిష్యుడు అడిగితే గురువు జవాబు చెప్పకుండా మళ్లీ ఎత్తి పడేసేవారట. ఒంటినిండా మందు పట్టీలతోనే కానో యూనివర్సిటీ చదువు సాగింది.

1882లో, ఇరవై ఒక్క ఏళ్లకు, టోక్యోలోని ఎయిషోజి గుడిలో పన్నెండు చాపల గదిలో కొదోకన్ అనే శిక్షణాలయం మొదలుపెట్టారు. మొదటి ఏడాది శిష్యులు తొమ్మిదిమంది. వాళ్లు పడే ఊపుకు గుడిలో పెద్దల స్మారక ఫలకాలు అలమరల నుంచి దొర్లేవి. పూజారి విసుక్కుంటే, కానో తానే నేల కిందికి దూరి విరిగిన దూలాలు సరిచేసేవారు.

అసలు చిక్కు ఇక్కడుంది. పాత విద్యలో కళ్లలో పొడవడం, మర్మస్థానాల్లో కొట్టడం, వేళ్లు విరవడం లాంటివి ఉండేవి. వాటిని తోటివాడి మీద నిజంగా సాధన చేయలేం. అందుకే నటించినట్టు, మెల్లగా చేసేవారు. అలా నేర్చింది అసలు సమయంలో ఎంతవరకు పనికొస్తుంది? కానో విద్యను రెండుగా విడదీశారు. ప్రాణం తీసే దెబ్బల్ని ముందే అనుకున్న వరసలో జోడీగా చేసే ‘కత’ సాధనలో భద్రపరిచారు. ప్రమాదం తక్కువున్న పట్లను, విసుర్లను ‘రన్దొరి’ అనే స్వేచ్ఛా సాధనకు ఉంచారు. అక్కడ ఎదుటివాడు లొంగడు, ఎదిరిస్తాడు. పూర్తి బలంతో పట్టుపట్టవచ్చు. ఓడినవాడు చేత్తో తడితే చాలు, వదిలేయాలి. నా దృష్టిలో ఆయన గొప్పదనమంతా ఇందులోనే ఉంది. ప్రమాదాన్ని తీసేయడం వల్లే సాధన నిజమైంది.

దానికి పునాది ‘ఉకెమి’, అంటే పడే విద్య. గడ్డం ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా, చేత్తో చాపను చరుస్తూ పడటం. విసిరేవాడికీ బాధ్యత ఉంది. ఎదుటివాడి చొక్కా చేతిని వదలకుండా పట్టుకుని, వాడు సరిగా పడేలా చూడాలి.

1884లో జపాన్ విద్యాశాఖ సంస్థ ఒకటి జుజుత్సును, కత్తిసామును పరిశీలించి, ప్రమాదకరమంటూ బడులకు పనికిరావని తేల్చింది. కానో వాదనకు దిగలేదు, పద్ధతి మార్చుకుంటూ పోయారు. 1889లో విద్యావేత్తల సభలో జూడో చదువులో భాగమెలా అవుతుందో వివరించారు. టోక్యో ఉన్నత ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ఏళ్ల తరబడి ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. చివరికి 1911లో జూడో మాధ్యమిక పాఠశాలల్లోకి వచ్చింది. 1909లో ఒలింపిక్ కమిటీలో ఆసియా నుంచి మొదటి సభ్యుడూ ఆయనే.

డాన్ గ్రేడ్లు, బ్లాక్ బెల్ట్ కానో పెట్టినవే. మూణ్నెల్లకోసారి మారే పసుపు, ఆరెంజ్, ఆకుపచ్చ బెల్టుల వరస మాత్రం తర్వాత యూరప్‌లో వ్యాపించింది.

ముసలితనంలో ఆయనకు ఇంకో దిగులు పట్టుకుంది. కుర్రాళ్లు పోటీల్లో గెలుపు కోసమే ఆడుతున్నారు, కత సాధనను వదిలేస్తున్నారు. అందుకే కొదోకన్‌లో పాత యుద్ధవిద్యల అధ్యయనం పెట్టించారు, ఐకిడో స్థాపకుడు ఉయెషిబ దగ్గరకు తన శిష్యుల్ని పంపారు. 1938 మేలో కైరో ఒలింపిక్ సమావేశం నుంచి తిరిగొస్తూ, ఓడలోనే న్యుమోనియాతో కన్నుమూశారు.

తర్వాతి సంగతి చేదుగా ఉంటుంది. 1983 నుంచి మూడు దశాబ్దాల లోపే జపాన్ బడుల్లో జూడో వల్ల వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. తలకు తగిలిన దెబ్బలే ప్రధాన కారణం. బలైనవారిలో చాలామంది పడటం ఇంకా సరిగా రాని కొత్త పిల్లలు. కానో ముందు నేర్పమన్నదే వెనకబడింది.

ఈసారి డెమో క్లాసుకు వెళ్తే కోచ్‌ని అడగండి: మొదట ఎన్ని వారాలు పడటమే నేర్పుతారు? జోడీలను బరువు, వయసు చూసి కడతారా? తలకు దెబ్బ తగిలిన పిల్లవాణ్ని మళ్లీ ఎప్పుడు చాప ఎక్కనిస్తారు? బెల్ట్ టెస్ట్ ఫీజు సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.