రూథర్‌ఫర్డు గీచిన వక్రరేఖ

ఎర్నెస్టు రూథర్‌ఫర్డు 1871వ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన న్యూజీలాండు ద్వీపములలో, నెల్సన్ పట్టణ సమీపమున జన్మించెను. తండ్రి బండిచక్రములు చేయు పనివాడు, తల్లి ఉపాధ్యాయిని. పన్నెండుగురు సంతానములో అతడు నాల్గవవాడు. విద్యార్థి వేతనముల బలమున చదువు సాగించి, 1895లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి చేరి, జె. జె. థామ్సన్ వద్ద పరిశోధన చేసెను. 1898లో, ఇరువదియేడేండ్ల ప్రాయముననే, కెనడాయందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను.

అచ్చట, థోరియమునుండి వెలువడు ఒక వింత వాయువు అతని దృష్టి నాకర్షించెను. అది కంటికి కనబడదు, తక్కెడకు అందదు. గాలియందు అది కలిగించు స్వల్ప విద్యుత్ప్రవాహమును మాత్రము కొలువవచ్చును. వాయువును థోరియమునుండి వేరుచేసి, ప్రవాహము తగ్గు తీరును అతడు కొలిచెను. కాలమును అడ్డముగను, ప్రవాహమును నిలువుగను గుర్తించిన రేఖ మొదట వేగముగా దిగి, పిదప మెల్లమెల్లగా అడ్డగీతను సమీపించుచుండును.

తగ్గిన మొత్తములు ఏ రెండు నిమిషములకును సమానములు కావు. నిష్పత్తులు మాత్రము సమానములు. ఇంచుమించు ఒక నిమిషమునకు ప్రవాహము సగమగును; రెండు నిమిషములకు నాల్గవ వంతు, మూడింటికి ఎనిమిదవ వంతు. సమాన కాలములకు సమాన నిష్పత్తి యున్నచోట ఆ వక్రరేఖ ఘాత ప్రమేయమునకు చెందినది. దాని సమీకరణము వ్రాయుటకు రెండు సంఖ్యలు చాలును: రేఖ నిలువుగీతను తాకుచోటి ప్రారంభ విలువ ఒకటి, సగమగుటకు పట్టు కాలము రెండవది. ప్రారంభ విలువ 100 అయినచో, దానిని 2 యొక్క ఘాతముచే భాగింపవలెను. గడచిన నిమిషముల సంఖ్యయే ఘాతాంకము. ఐదు నిమిషములకు 100ను 32 చేత భాగింపగా, మూడుకు కొంచెము పైబడి మిగులును. విలువలకు బదులు వాని సంవర్గమానములను గుర్తించినచో వక్రరేఖ సరళరేఖ యగును. ఈ నియమము నిజమో కాదో అచ్చట తేటపడును.

1902లో రూథర్‌ఫర్డు, ఫ్రెడరిక్ సాడీ అను రసాయనవేత్తతో కూడి, థోరియమునుండి మరియొక పదార్థమును వేరుచేసెను. దాని శక్తి సుమారు నాలుగు దినములలో సగమయ్యెను. కోల్పోయిన శక్తిలో సగమును థోరియము అంతే కాలమున తిరిగి పొందెను. ఒకటి దిగుచు, ఒకటి ఎక్కుచు రెండు రేఖలును ఖండించుకొనెను. ఒక మూలకము మరియొకటిగా మారుచున్నదని దీని అర్థము. పరమాణువు మార్పులేనిదని శాస్త్రజ్ఞులు నమ్ముచున్న కాలమది. రసవాదమను నిందకు వెరవక వారిరువురును ఆ సత్యమును ప్రకటించిరి. ఈ క్షయ నియమమే పిమ్మట శిలల వయస్సు కట్టుటకు గడియారమయ్యెను. భూమి వయస్సు సుమారు 450 కోట్ల ఏండ్లని తేలినది దీనివలననే.

1908లో అతనికి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. 1911లో పరమాణు కేంద్రకమును ప్రతిపాదించెను. 1931లో ప్రభు బిరుదము వచ్చినపుడు, తన వంశచిహ్నపు డాలుపై ఖండించుకొను ఆ రెండు వక్రరేఖలనే చిత్రింపించుకొనెను. 1937 అక్టోబరు 19న మరణింపగా, అతని అస్థికలను వెస్టుమినిస్టరు ఆబీలో న్యూటను సమాధి చెంత నిక్షేపించిరి.