గురి నేర్చిన ప్రభువు

విలువిద్యలో ద్రోణాచార్యుడు తన శిష్యులకు పెట్టిన పరీక్ష మనకందరికీ తెలిసినదే. చెట్టును, కొమ్మను, ఆకులను చూసిన వారిని పక్కకు తప్పించి, పక్షి కన్ను మాత్రమే కనిపిస్తున్నదన్న అర్జునుని చేతనే ఆయన బాణం వేయించాడు. గురి అనేది చేతికి సంబంధించిన నేర్పు మాత్రమే కాదనీ, అది మనసుకు అలవడవలసిన నిగ్రహమనీ ఈ కథ చెబుతున్నది. తుపాకులు వచ్చిన తరువాత కూడ ఈ సత్యం మారలేదు. అటువంటి గురికి మన తెలుగు నేలపై పేరు మోసిన పాలకుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. ప్రజలు ఆయనను మహబూబ్ పాషా అని ప్రేమతో పిలుచుకొనేవారు.

మహబూబ్ అలీఖాన్ 1866 ఆగస్టులో హైదరాబాదులో జన్మించాడు. తండ్రి అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో మరణించేనాటికి ఆ బాలునికి మూడేండ్లు కూడ నిండలేదు. ఆ పసివానినే సింహాసనం మీద కూర్చుండబెట్టి, ప్రధానమంత్రి సాలార్‌జంగ్, అమీరె కబీర్ షంసుల్ ఉమ్రా రాజప్రతినిధులుగా పాలన సాగించారు. రాజ్యం ఒకరిది, భారం మరొకరిది. పదేండ్ల వయసులో, 1877లో, ఢిల్లీలో జరిగిన గొప్ప దర్బారుకు ఆ బాలప్రభువు హాజరయ్యాడు. దేశంలోని రాజులందరి నడుమ తన రాజ్యమెంత పెద్దదో, తన స్వాతంత్ర్యమెంత చిన్నదో ఆయన కనులారా చూసిన సందర్భమది.

బాలనిజాం చదువు విషయంలో సాలార్‌జంగ్ ఎంతో శ్రద్ధ వహించాడు. అరబ్బీ, పారశీకం, ఉర్దూ బోధించడానికి స్వదేశీ పండితులను, ఆంగ్లం నేర్పడానికి క్లర్క్ అనే ఆంగ్ల సైనికాధికారిని నియమించాడు. పాఠాలతోపాటు గుర్రపుస్వారీ, ఈటెతో మేకును పెకలించే ఆట, తుపాకి కాల్చడం కూడ ఆ శిక్షణలో భాగాలయ్యాయి. పుస్తకాల కంటె మైదానమే ఆ బాలుని ఎక్కువగా ఆకర్షించింది. గుర్రం మీద, తుపాకి పట్టినప్పుడు ఆయన చూపిన నేర్పు తోటివారిని అబ్బురపరిచేది.

ఆ కాలంలో వేటకు సిద్ధపడడమంటే ఏమిటో తెలుసుకొంటే ఈ నేర్పు విలువ మనకు అర్థమవుతుంది. అప్పటి వేటగాండ్రు ఎక్కువగా వాడినవి ఎక్స్‌ప్రెస్ రైఫిళ్ళు. పక్కపక్కన రెండు గొట్టాలుండే ఈ రైఫిలులో మందు ఎక్కువ, గుండు తేలిక. అందువలన గుండు వేగంగా, కొంత దూరం వరకు తిన్నగా పోతుంది. నూరు, నూటయాభై గజాలు దాటితే మాత్రం అది క్రమంగా నేలవైపు దిగుతుంది. కాబట్టి దూరం తెలియనివానికి గురి తెలిసినా ప్రయోజనం లేదు. కొత్తగా నేర్చుకొనేవాడు ఒక చెట్టును చూసి ఎన్ని గజాలో మనసులో అంచనా వేసుకోవాలి. ఆ తరువాత అడుగులు లెక్కిస్తూ అక్కడికి నడచి, తన అంచనా ఎంత తప్పిందో తెలుసుకోవాలి. లోయకు అవతలి గట్టున నిలిచిన కడితి దగ్గరగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. మంచె మీద నుండి కిందికి కాల్చినపుడు గుండు అనుకొన్నదానికంటె పైగా తగులుతుంది. ఇవన్నీ ఒకనాటితో వచ్చే విద్యలు కావు.

ఇంతకంటె కష్టమైనది తన శరీరాన్ని తాను గెలవడం. బరువైన రైఫిలు పేలినప్పుడు భుజాన్ని గట్టిగా వెనక్కు తంతుంది. ఆ దెబ్బకు జంకినవాడు మీట నొక్కకముందే కన్ను మూస్తాడు, చేయి అదురుతుంది, గుండు దారి తప్పుతుంది. అందుకే గురువులు శిష్యుని చేత గుండు లేని తుపాకితో పదేపదే మీట నొక్కించేవారు. ఊపిరి సగం విడిచి, నిలిపి, మీటను లాగకుండ మెల్లగా నొక్కడం అలవాటయ్యాకనే గుండు చేతికిచ్చేవారు. ఏనుగు అంబారీలో కూర్చుండి కాల్చవలసి వస్తే మరొక చిక్కు. ఏనుగు నిలబడినా దాని ఒళ్ళు కదులుతూనే ఉంటుంది. ఆ ఊపుతోపాటు తానూ ఊగుతూ, గురి కుదిరిన ఆ ఒక్క క్షణాన్ని పట్టుకోవాలి. ఆనాటి నల్లని తుపాకిమందు పేలగానే దట్టమైన పొగ కమ్మేది. మొదటి దెబ్బ ఎక్కడ తగిలిందో పొగ తొలగేదాకా తెలిసేది కాదు. అందుచేత మొదటి గుండే నమ్మదగినదై ఉండాలి.

ఇక్కడ మరొక ధర్మం కూడ ఉన్నది. శబ్దాన్నిబట్టి బాణం వేసిన దశరథుడు ఏనుగు అనుకొని శ్రవణకుమారుని చంపాడు. కంటితో చూడనిదానిపై ఆయుధం విడువరాదన్న పాఠాన్ని ఆ కథ యుగయుగాలుగా నేర్పుతున్నది. అడవిలో దీని ఫలితం మరింత తీవ్రం. గాయపడి తప్పించుకొన్న పులి వేగంగా పరుగెత్తే జంతువులను పట్టలేక మనుషులమీదకు రావచ్చు. అప్పుడు వేటగాని తప్పుకు పశువుల కాపరులు, కట్టెలు ఏరుకొనే స్త్రీలు ప్రాణాలతో పరిహారం చెల్లిస్తారు. కాబట్టి నమ్మకం కుదరనప్పుడు మీట మీద నుండి వేలు తీయడమే నిజమైన నేర్పు. గాయపరచినదాన్ని వెదకి బాధ ముగించడం వేటగాని బాధ్యత.

ఈ విద్యలో మహబూబ్ అలీఖాన్ అందెవేసిన చేయి. గాలిలోకి ఎగురవేసిన నాణేన్ని ఆయన గురి తప్పకుండ కొట్టేవాడని జనం కథలుగా చెప్పుకొనేవారు. ఆయన ముప్పైకి పైగా పులులను వేటాడాడని ప్రసిద్ధి. తీస్ మార్ ఖాన్ అనే మాటను కూడ జనం ఆయనకే అన్వయించుకొన్నారు. వేట విడుదులకు వెంట వెళ్ళిన ప్రఖ్యాత ఛాయాచిత్రకారుడు లాలా దీన్‌దయాళ్ తీసిన చిత్రాలలో ఆ గుడారాలు, ఏనుగులు, నేలకొరిగిన పులులు నేటికీ కనిపిస్తాయి.

ఆనాటి ఉత్తర తెలంగాణ దట్టమైన అడవుల సీమ. పాకాల చెరువు పరిసరాల నుండి మంథని, మహాదేవపురం మీదుగా గోదావరి దాటి సిర్పూరు వరకు టేకు వనాలు వ్యాపించి ఉండేవి. పులి, చిరుత, కడితి, దుప్పి అందులో స్వేచ్ఛగా సంచరించేవి. అప్పటికి ఈ ప్రాంతంలో ఒక భాగం ఏలగందుల జిల్లాగా ఉండేది. మహబూబ్ పాలనలోనే, 1905లో, జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి కరీంనగర్ జిల్లా ఏర్పడింది. సిర్పూరు తాండూరు ఉపజిల్లా కూడ అప్పుడే ప్రత్యేక జిల్లా హోదా పొందింది. అదే తరువాతి ఆదిలాబాద్ జిల్లా.

రాజు వేట మాత్రం రాజు ఒక్కనితో సాగేది కాదు. పులి జాడ తీసేవారు అడవిబిడ్డలు. డప్పులు మోగిస్తూ, కేకలు వేస్తూ పొదలలో నుండి మృగాన్ని మంచె వైపు తోలేవారు చుట్టుపక్కల పల్లెల జనం. వారి చేతిలో కర్ర తప్ప మరే రక్షణ ఉండేది కాదు. తెలంగాణ పల్లెలలో అధికారులు, దొరలు విడిది చేసినప్పుడు కట్టెలు, గడ్డి, కోళ్ళు, బండ్లు, మనుషుల శ్రమ వెట్టిగా సమర్పించవలసి వచ్చేది. వేట విడుదుల బరువు కూడ ఆ భుజాల మీదనే పడేది. మంచె మీద ఉన్నవాని గురి తప్పితే గాయపడిన పులికి ముందుగా ఎదురయ్యేది వారే. ఛాయాచిత్రాలలో వారు అంచులలో నిలబడి ఉంటారు. వారి పేర్లు ఎక్కడా రాసి ఉండవు. వెట్టికి వ్యతిరేకంగా మాడపాటి హనుమంతరావు వంటివారి నాయకత్వంలో ఉద్యమం రావడానికి 1920ల వరకు ఆగవలసి వచ్చింది.

అడవిలో అంతటి నిబ్బరం గల మహబూబ్ కొలువులో ఎట్లా ఉండేవాడు? 1883లో సాలార్‌జంగ్ ఆకస్మికంగా మరణించాడు. మరుసటి ఏడు, 1884 ఫిబ్రవరి 5న, వైస్రాయి రిప్పన్ స్వయంగా వచ్చి పదిహేడేండ్ల మహబూబ్‌కు పూర్తి అధికారాలు అప్పగించాడు. తుపాకి పట్టడానికి ఏండ్ల తరబడి సాధన చేసిన యువకునికి రాజ్యం పట్టడానికి అటువంటి సాధన లభించలేదు. వేటలు, విందులు, వస్త్రాలు, రత్నాలు ఆయన కాలాన్ని హరించాయి. ముఖ్యమైన కాగితాలు ఆయన నిర్ణయం కోసం వేచి ఉండేవి.

ఆ లోటు 1902లో స్పష్టంగా బయటపడింది. సైన్యం ఖర్చుల బాకీ పేరుతో ఆంగ్లేయులు 1853లో సారవంతమైన బేరార్ సీమను తమ అధీనంలోకి తీసుకొన్నారు. దానిని తిరిగి సాధించాలని సాలార్‌జంగ్ జీవితమంతా పోరాడాడు. 1902 వసంతంలో వైస్రాయి కర్జన్ హైదరాబాదుకు వచ్చి నిజాంతో ఏకాంతంగా మాట్లాడాడు. ఆ పర్యటనలోనే వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ వద్ద ఆ అతిథి కోసం వేట విడిది ఏర్పాటయింది. ఆ ఏడాది నవంబరులో జరిగిన ఒప్పందంతో ఏటా 25 లక్షల రూపాయల కౌలుకు బేరార్ శాశ్వతంగా ఆంగ్లేయుల పాలయింది. ఆ తరువాత నిజాంకు జీసీబీ అనే బిరుదు లభించగా, ఆ మూడు అక్షరాలకు కర్జన్‌కు బేరార్ ఇచ్చాడని అర్థం చెప్పి జనం నవ్వుకొన్నారు. పులి ఎదుట చలించని చేయి ఒప్పందం కాగితం ఎదుట నిలువలేకపోయింది. ఆ మంచె మీద వేటగాడు ఎవరో, మృగమెవరో చెప్పడం కష్టం.

అయితే ఆయనను ఆ ఒక్క సంఘటనతో తూచడం న్యాయం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు కోల్పోయారు. అంతకు ఎన్నో రెట్ల మంది గూడు లేనివారయ్యారు. ఆనాడు మహబూబ్ అంతఃపురంలో కూర్చుండలేదు. వరద బాధితుల కోసం రాజభవనం తలుపులు తెరిపించి, అన్నదానానికి ఏర్పాట్లు చేయించాడు. పండితుల సలహాపై నదీమతల్లికి పూజ చేశాడని హైదరాబాదు ప్రజలు నేటికీ చెప్పుకొంటారు. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించి, వరద మళ్ళీ రాకుండ ఉపాయం ఆలోచించమని కోరారు. ఆ ఆలోచన ఫలితమే ఏడవ నిజాం కాలంలో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు. దూరాన ఉన్న ప్రమాదాన్ని ముందుగా చూసి సిద్ధపడడమనే వేటగాని గుణం ఈసారి ప్రజల రక్షణకు ఉపయోగపడింది.

మహబూబ్ అలీఖాన్ 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా భవనంలో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 45 సంవత్సరాలు. మక్కామసీదు ప్రాంగణంలో ఆయనను సమాధి చేశారు. ఆయన పేరును మహబూబ్‌నగర్, మహబూబాబాద్ పట్టణాలు నేటికీ మోస్తున్నాయి.

ఆయన కాలానికి వేట రాజలక్షణం. అడవులకు అంతముంటుందని, పులులు తరిగిపోతాయని ఆనాటి ప్రభువులు ఊహించలేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి వేటను నిషేధించింది. గోదావరికి ఉత్తరాన కవ్వాల అడవి 1965లో అభయారణ్యంగా, 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా గుర్తింపు పొందింది. ఒకనాడు డప్పులు మోగించి పులిని తోలిన సీమలో నేడు అటవీ సిబ్బంది చప్పుడు చేయకుండ దాని అడుగుజాడల కోసం వెదకుతున్నారు. ఆ పని చేసేవారికీ దూరాన్ని కొలిచే కన్ను, ఊపిరి బిగబట్టే ఓర్పు కావాలి. చేతిలోని సాధనం మాత్రమే మారింది.

శక్తి ఉన్నవానికి సాధన అవసరం. సాధన ఉన్నవానికి వివేకం అంతకంటె అవసరం. ఒక విద్యలో కుదిరిన గురిని జీవితంలోని అన్ని పనులలోనూ నిలుపుకోవడమే కష్టమైన పని. మహబూబ్ పాషా జీవితంలోని జయాపజయాలు రెండూ మనకు ఆ పాఠాన్నే బోధిస్తున్నాయి.