మందుకు కొలత నిచ్చిన మహనీయుడు: ఫ్రీడ్రిక్ సెర్ట్యూర్నరు

వైద్యుడు వ్రాసి యిచ్చిన చీటిని ఔషధశాలకు కొనిపోయి, అచ్చట నిచ్చిన మాత్రలను మారుమాట లేక మ్రింగుచున్నాము. నేటి మాత్రలో మందెంత కలదో రేపటి మాత్రలోను అంతయే యుండునని మన నమ్మకము. ఈ నమ్మకము అనాదిగా వచ్చినది కాదు. దీనికి పునాది వేసినవారిలో ముఖ్యుడు విశ్వవిద్యాలయ పండితుడు కాడు. ఔషధశాలలో మందులు నూరి పొట్లములు కట్టుచుండిన యొక యువకుడు. ఆతని చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనదగినదని యెంచి యిచ్చట సంగ్రహముగ వ్రాయుచున్నాము.

పూర్వము మన దేశమున వైద్యుడే మూలికలు తెచ్చి, కల్వమున నూరి, రోగికి తానే యిచ్చుచుండెను. ఐరోపా ఖండమునను చాలకాలము ఇట్లే జరిగెను. 1240 ప్రాంతమున సిసిలీ రాజ్యము నేలిన రెండవ ఫ్రెడరికు చక్రవర్తి వైద్యుని వృత్తిని, మందులు చేయువాని వృత్తిని వేరుపరచి, వారిరువురు లాభమునందు పాలు పంచుకొనరాదని శాసించెను. ఔషధకారులు మందులను విధి ప్రకారము చేయుదుమని ప్రమాణము చేయవలసివచ్చెను. వృత్తి వేరయ్యెను గాని పని మారలేదు. తరువాత నైదువందల యేండ్లకు పైగా ఔషధకారుని పని వేళ్లు, ఆకులు, బెరడులు దంచుట, కాచుట, వడియగట్టుటగనే యుండెను. ఒక మూలికలో గుణమిచ్చు పదార్థమేదో, అది యెంత కలదో యెవరును ఎరుగరు.

దీనివలన గలిగిన యాపద నల్లమందు విషయమున స్పష్టముగ గానవచ్చును. బాధ నణచుటకు ఆనాడు దానిని మించిన మందు లేదు. అయితే గసగసాల కాయను గీరగా కారిన పాలను ఎండబెట్టి చేసిన ఆ ముద్దలలో ఒకటి తీవ్రముగను, మరియొకటి నిస్సారముగను ఉండెడిది. రెండింటిని ఒకే తూనికగ నిచ్చినను ఒక రోగి బాధ తీరక తల్లడిల్లును. మరియొకడు నిద్రించి మరల లేవడు. త్రాసు సరిగనే యున్నను మందు సరిగ లేదు. తప్పు చేయకయే ప్రాణము తీయు స్థితిలో వైద్యుడును, ఔషధకారుడును ఉండిరి.

ఫ్రీడ్రిక్ విల్హెల్మ్ ఆడం సెర్ట్యూర్నరు 1783 జూను 19వ తేదీన జర్మనీ దేశమున పాడర్‌బార్న్ సమీపమునగల నాయ్‌హౌస్ అను నూర జన్మించెను. తండ్రి ఆ ప్రాంతపు ప్రభువు కొలువున ఇంజనీరు. బాల్యము దాటకమునుపే తండ్రి గతించెను. పెద్ద చదువులకు అవకాశము లేకపోగా, 1799లో సెర్ట్యూర్నరు పాడర్‌బార్న్‌లోని ఆస్థాన ఔషధశాలలో పని నేర్చుకొనుటకు చేరెను. నాలుగేండ్ల పిమ్మట పరీక్షలో గెలిచి సహాయకుడయ్యెను.

నల్లమందు ఏల ఒక్కొక్కప్పుడు ఒక్కొక్క విధముగ పనిచేయునని ఆతడు తన్ను తాను ప్రశ్నించుకొనెను. నిద్ర గొలుపునది దానిలోని యేదో యొక్క పదార్థమే యైయుండవలెనని ఊహించి, దానిని విడదీయుటకు పూనుకొనెను. గొప్ప పరికరము లేవియు లేవు. ఔషధశాలలోని గాజుపాత్రలు, ఆమ్లములు, సారాయము, ఇవియే ఆతని సాధనములు. నల్లమందును నీటిలో నానవేసి వడియగట్టి, ఆ ద్రవమున అమ్మోనియా కలుపగా అడుగున స్ఫటికములు పేరుకొనెను. వానిని శుద్ధిచేసి కుక్కలకు తినిపించి చూడగా అవి నిద్రలో మునిగెను. తక్కిన భాగములకు ఆ గుణము లేదు. ఇది జరుగునప్పటికి ఆతని వయస్సు ఇంచుమించు ఇరువదియొక్క సంవత్సరములు.

ఆ పదార్థము ఆమ్లములతో కలిసి లవణము లగుచుండెను. అనగా అది క్షారమువంటిది. మొక్కలలో అట్టి పదార్థ ముండునని ఆనాటి రసాయన శాస్త్రజ్ఞు లెరుగరు. 1805, 1806 సంవత్సరములలో ఆతడు తన పరిశోధనలను ఒక ఔషధశాస్త్ర పత్రికలో ప్రకటించెను. పేరు ప్రతిష్ఠలు లేని సహాయకుని మాటను పండితులు అంతగ లక్ష్యపెట్టలేదు.

ఆతడు నిరుత్సాహపడలేదు. ఐన్‌బెక్ పట్టణమునకు పోయి, 1809లో అచ్చట స్వంత ఔషధశాల తెరచి, తీరిక దొరకినప్పుడెల్ల ఆ పని సాగించుచుండెను. గ్రీకుల పురాణములలో స్వప్నములకు దేవతయగు మార్ఫియసు పేరిట తాను కనుగొనిన పదార్థమునకు పేరు పెట్టెను. మనమిప్పుడు మార్ఫిను అనునది అదియే.

మనుష్యుని దేహమునందు దాని ప్రభావ మెట్టిదో తెలియవలెను గదా! ఆతడును, పదునేడేండ్లకు మించని మువ్వురు బాలురును, అరగ్రెయిను చొప్పున కొంత వ్యవధితో మూడు పర్యాయములు దానిని పుచ్చుకొనిరి. ముఖము లెర్రబారెను, మగత క్రమ్మెను, కడుపునొప్పి, మూర్ఛవంటి నీరసము కలిగెను. అపాయము గ్రహించి సెర్ట్యూర్నరు అందరిచేత ఘాటైన వెనిగరు త్రాగించి వాంతి చేయించెను. నలువురును బ్రతికిరి. ఈ సాహసమును మేము మెచ్చుకొనజాలము. తెలిసీ తెలియని బాలుర ప్రాణములను అట్లు పణము పెట్టుట నేటి ధర్మమునకును, చట్టమునకును విరుద్ధము. అయినను, గ్రెయినులతో సరిగా తూచి యిచ్చిన శుద్ధ పదార్థము ఎంత మాత్రమున ఏమి చేయునో లోకమునకు తెలిసినది ఆ నాటినుండియే.

1817లో ఆ వృత్తాంతము ప్రకటితము కాగా, ఫ్రాన్సు దేశపు ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు గేలుసాక్ దాని విలువ గ్రహించి ఫ్రెంచి భాషలోనికి తెప్పించెను. యేనా విశ్వవిద్యాలయము ఆతనికి డాక్టరు పట్ట మొసగెను. 1831లో ఫ్రాన్సు దేశపు విద్వత్సంస్థ రెండువేల ఫ్రాంకుల బహుమాన మిచ్చెను. కాని ఐన్‌బెక్‌లో ఔషధశాల హక్కునుగూర్చి వచ్చిన వ్యాజ్యమున ఆతడు ఓడి, హామెల్న్ పట్టణమునకు పోవలసివచ్చెను. అచ్చటనే ఔషధకారుడుగ జీవించి, 1841 ఫిబ్రవరి 20వ తేదీన మరణించెను. దేహమును ఐన్‌బెక్‌లో సమాధిచేసిరి.

ఆతడు చూపిన త్రోవను ఇతరులు వెంబడించిరి. పారిసు నగరపు ఔషధకారులగు పెల్తియే, కావెంతూ యనువారు 1818లో స్ట్రిక్నీనును, 1820లో సింకోనా బెరడునుండి క్వినైనును విడదీసిరి. మన యడవులలోని ముష్టి గింజకు విషమిచ్చునది ఆ స్ట్రిక్నీనే. మన మన్యపు చలిజ్వరమునకు చిరకాలము దిక్కైనది ఆ క్వినైనే. 1827లో డార్మ్‌స్టాట్‌లోని ఔషధకారుడు మెర్కు మార్ఫినును పెద్దయెత్తున చేసి విక్రయింప నారంభించెను. క్రమముగ మందుల తయారీ కల్వమును వీడి కర్మాగారమునకు చేరెను.

అట్లైన ఔషధకారునికి పని తగ్గినదా? కాదు, మారినది. శుద్ధమైన మందు ఎంత మేలు చేయునో, కొలత తప్పినచో అంత కీడు చేయును. క్యాన్సరు రోగి బాధను మాన్పునట్టి మార్ఫినే, అలవాటుపడినవానిని బానిసగ జేయును. కావున వైద్యుని చీటి చదివి, మోతాదు సరిచూచి, ఒక మందునకు మరియొకటి పడదని హెచ్చరించి, రోగికి తెలియజెప్పుట ఔషధకారుని ధర్మమయ్యెను. దానికి చదువు కావలెను. మన దేశమున 1932లో కాశీ హిందూ విశ్వవిద్యాలయమున మహాదేవలాల్ ష్రాఫ్ గారి పూనికతో ఔషధ విద్యాబోధన మొదలయ్యెను. 1948లో ఫార్మసీ చట్టము వచ్చెను. 1951లో విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయము ఈ శాఖను స్థాపించెను.

విద్యార్థులారా! సెర్ట్యూర్నరుకు సంపద లేదు, పెద్దల ప్రాపు లేదు. దినదినము చేతిలో నున్న పనిని కన్నులు తెరచి చేయుటయే ఆతని విశేషము. అందరును తూచుచుండిన దానినే ఆతడును తూచెను. కాని తూచునది యేమో తెలిసికొననిదే ఆతనికి తృప్తి కలుగలేదు. మీలో కొందరు రేపు ఔషధశాలలో నిలుచుందురు. అవతల చేయి చాచినవారు మీ చదువును పరీక్షింపజాలరు. మీరిచ్చినదానిని నమ్మి మ్రింగుదురు. ఆ నమ్మకమునకు తగినవారై యుండుడని మా కోరిక.