మహాభారతానికి మాటలు రాసిన రాహీ మాసూమ్ రజా సాహెబ్

టి.వి.లో మహాభారతం వచ్చిన రోజుల్ని మన పెద్దవాళ్ళు ఇంకా మరిచిపోలేదు. 1988 అక్టోబరు 2న మొదలై 1990 జూన్ దాకా, మొత్తం 94 భాగాలు. ఆదివారం పొద్దున వీధులు ఖాళీ అయిపోయేవి. అందులో మాటలన్నీ రాసింది ఒక ఉర్దూ పంతులుగారని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

రజా సాహెబ్ 1927లో ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా గంగౌలీ గ్రామంలో జన్మించారు. చిన్నతనంలోనే పెద్ద జబ్బు చేసింది. ప్రాణం దక్కింది గాని కాలు కుంటి అయింది. ఆటలాడే వయసంతా కథలతో, పుస్తకాలతో గడిచిపోయింది. ఆ కథలే తర్వాత అన్నం పెట్టాయి. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో 'తిలిస్మె హోష్‌రుబా' అనే పెద్ద ఉర్దూ కథాగ్రంథం మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. అక్కడే ఉర్దూ బోధించారు.

1966లో 'ఆధా గావ్' నవల వెలువడింది. మొహర్రం జరుపుకునే తన ఊరి షియా కుటుంబాలు, దేశ విభజన నాడు వాళ్ళు పడ్డ మథన అందులో ఉన్నాయి. పుట్టిన నేలను వదలడమా, మానడమా అన్నదే అసలు ప్రశ్న. నవల నాగరి లిపిలో వచ్చింది. ఉర్దూ వారు మనవాడన్నారు, హిందీ వారు మావాడన్నారు. ఆయన మాత్రం రెంటినీ వదల్లేదు. 1965 యుద్ధంలో అమరుడైన తమ జిల్లా వీరుడు అబ్దుల్ హమీద్ జీవితం కూడా రాశారు.

తర్వాత బొంబాయి చేరారు. సంసారం నడవాలి గదా! మిలీ (1975), గోల్‌మాల్ (1979), కర్జ్ (1980) మొదలైన చిత్రాలకు మాటలు రాశారు. 'మై తులసీ తేరే ఆంగన్ కీ', 'తవాయఫ్', 'లమ్హే' చిత్రాల సంభాషణలకు ఫిల్మ్‌ఫేర్ బహుమతులు వచ్చాయి. ఒకచోట నవ్వించాలి, ఒకచోట ఏడిపించాలి. ఏ పాత్ర నోట ఏ మాట పలకాలో ఆయనకు బాగా తెలుసు.

బి.ఆర్. చోప్రాగారు మహాభారతం రాయమంటే తీరిక లేదని మొదట కాదన్నారట. చోప్రాగారు మాత్రం ఆయన పేరే ప్రకటించేశారు. హిందువులే దొరకలేదా అంటూ ఉత్తరాలు వచ్చిపడ్డాయి. అవి చదివాకే రాయడానికి ఒప్పుకున్నారని చెబుతారు. తాను గంగ ఒడ్డున పుట్టినవాడు, గంగ కథ తనకు పరాయిది కాదని ఆయన నమ్మకం. కథను కాలమే చెప్పేటట్టు పెట్టడం ఆయన ఆలోచనేనంటారు. మన ఇళ్ళలో అబ్బాజాన్, అమ్మీజాన్ అంటాం చూడండి, ఆ పద్ధతిలోనే పితాశ్రీ, మాతాశ్రీ అన్న పిలుపులు కల్పించారనీ అంటారు. దేశమంతా ఆ పిలుపుల్ని తమవిగానే అందుకుంది. రాసిందెవరని ఆ తర్వాత అడిగినవారు తక్కువ.

'నీమ్ కా పేడ్' సీరియల్ కూడా ఆయన రచనే. 1992 మార్చి 15న బొంబాయిలో కన్నుమూశారు.

ఉర్దూ చదివితే ఏం లాభం, అది ఒక మతం వాళ్ళ భాష గదా అనేవారికి ఈయన జీవితమే జవాబు. భాషకు మతం లేదు, కథకు అంతకన్నా లేదు. తల్లిదండ్రులారా! ఇది మన సబ్జెక్టు కాదు, అది మన కథ కాదు అని పిల్లలతో అనకండి. ఇంట్లో భాష గట్టిగా నేర్పండి, పక్కింటి భాష ప్రేమగా నేర్చుకోనివ్వండి. రజా సాహెబ్ చేసింది అదే.